మా బామ్మర్ది పార్సిలు మెలిక

మా బామ్మర్ది కట్టిన పార్సిలును విప్పిన మనిషిని నేనింతవరకు చూడలేదు. కోసినవాళ్ళను మాత్రం చాలామందిని చూశాను. కత్తితో కోసినవాళ్ళున్నారు, బ్లేడుతో కోసినవాళ్ళున్నారు, ఓపిక చచ్చి పంటితో కొరికి పన్ను కదిలించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. అతను నా భార్యకు స్వయానా తమ్ముడు కావడం ఆ గర్వానికి ఒక కారణం. పార్సిలాఫీసులో అతనికి ఉద్యోగం ఇప్పించింది నేనే కావడం రెండో కారణం.

ఆ ఆఫీసులో పార్సిళ్ళ మీద చిరునామాలు రాసేవాణ్ణి నేను. మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకానే చదివాను. అయినా డిగ్రీలున్న గుమాస్తాలు తమ సెలవు చీటీలు నా చేతే రాయించుకునేవాళ్ళు. వానలో తడిసినా చదవడానికి వీలైన చిరునామా నాది. లారీ బోల్తా కొట్టినా ఊడని కట్టు అతనిది. మా ఇద్దరి చేతుల మీదుగా ఎన్ని కుట్టుమిషన్లు, ఎన్ని నిలువుటద్దాలు వెళ్ళాయో చెప్పలేను. ఒకసారి గోదాములోకి నీళ్ళు వచ్చి ఒక అట్టపెట్టె పూర్తిగా నానిపోయింది. లోపలి సామాను ముద్దయింది, పెట్టె కరిగిపోయింది. తాడు మాత్రం పెట్టె ఆకారంలోనే, నాలుగు మూలలతో అలాగే నిలబడి ఉంది. మా మేనేజరు దాన్ని జాగ్రత్తగా ఎత్తుకొచ్చి తన బల్ల మీద పెట్టుకున్నాడు. సామాను పోయిన పెద్దమనిషి పోట్లాటకు వస్తే ఆయనకూ దాన్నే చూపించాడు. ఆయన కూడా కాసేపు కోపం మరిచిపోయి దాని చుట్టూ తిరిగి చూశాడు.

ఇందులో ఉన్న కిటుకల్లా చివర వేసే ఒక మెలిక. అందరూ ముడి వేసి వదిలేస్తారు. మా బామ్మర్ది ముడి వేశాక తాడు కొసను వెనక్కి తిప్పి, ఆ ముడి కిందనుంచే దూర్చి, తడివేళ్ళతో ఒక్క లాగు లాగేవాడు. ఆ తర్వాత కొస ఎక్కడికి పోయిందో కట్టినవాడికి కూడా తెలిసేది కాదు. ఆఫీసులో దానికి పార్సిలు మెలిక అని పేరు పెట్టుకున్నాం. దాన్ని విప్పడం అతనికీ రాదు. ఆ అవసరం ఎప్పుడూ పడలేదు. పంపేవాళ్ళ పని కట్టడం, విప్పుకోవడం అందుకున్నవాళ్ళ తలనొప్పి.

అలాంటి మనిషి మీదికి టేపు మిషను వచ్చింది. చేతిలో ఇమిడేంత చిన్న మిషను. చర్రుమని ఒకసారి లాగితే పెట్టె మూతి మూసుకుపోతుంది. దానితో పాటు వచ్చిన అమ్మాయి ఫోనులో మాట్లాడుతూ, పెట్టె వైపు చూడకుండానే పని కానిచ్చేది. మొదటిరోజునే మా బామ్మర్ది ఆమె మూసిన పెట్టెనొకదాన్ని తీసుకుని, గోటితో టేపు కొస లేపి, మొత్తం ఊడబెరికి, "ఇదమ్మా మీ కట్టు" అన్నాడు. ఆ అమ్మాయి ఒకసారి చూసి మళ్ళీ చర్రుమనిపించింది. వాదన అక్కడితో అయిపోయింది.

వీడ్కోలు సభలో అతనికి గోడగడియారం బహూకరించారు. దాని పెట్టెకు కూడా టేపే వేశారు. అతను వేదిక మీదే ఆ టేపు పీకేసి, జేబులోంచి పురికొస తీసి, తన పద్ధతిలో కట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. గోడకు తగిలించాలంటే విప్పాలి కదా. అందుకని గడియారం పెట్టెలోనే ఉండిపోయింది. బీరువా మీదనుంచి టిక్కుటిక్కుమనడం మాత్రం చాలాకాలం వినబడింది.

ఉద్యోగం లేని చేతులు ఊరుకోవు. ఇంట్లో కనబడినదల్లా కట్టాడు. కర్టెన్లను కడ్డీకి, చీపురును మేకుకు, టీవీ రిమోటును సోఫా చేతికి కట్టాడు. ఒకరోజు అతని భార్య నాకు ఫోను చేసింది. ఆమె నాకు చెల్లెలి వరస.

"అన్నయ్యగారూ, టీ పెట్టుకుందామంటే చక్కెర డబ్బా తెరుచుకోవట్లేదు. ఈయన్ని కాసేపు బయటికి తీసుకెళ్ళండి. లేకపోతే రేపు నన్ను కుర్చీకి కట్టేస్తారు."

వెనకనుంచి అతని గొంతు వినబడింది. "మూత ఊడిపోతోందని నువ్వే కదా అన్నావు."

"ఊడాలండీ. మూతన్నాక ఊడాలి."

ఆ సాయంత్రం నేను చేతికర్ర కొనుక్కోవడానికి వెళుతూ అతన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను. మా వీధి చివర సాహసయాత్రల సామాను దుకాణం ఒకటుంది. కొండలెక్కేవాళ్ళకూ అడవుల్లో తిరిగేవాళ్ళకూ అని బోర్డు మీద ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఎక్కడానికి ఉన్నదల్లా దుకాణం పైనున్న పళ్ళ డాక్టరు గది మెట్లే. అక్కడ గుడారాలు కొన్నవాళ్ళు వాటిని పిల్లలు ఆడుకోవడానికి హాల్లో వేస్తారు. మంచుకోట్లు కొనేది ఏసీ ఎక్కువగా ఉన్న ఆఫీసులవాళ్ళు. దిక్సూచి కొన్న ఒకాయన దాన్ని కారు అద్దానికి వేలాడగట్టుకున్నాడు. చేతికర్రను కూడా అక్కడ ఇంకేదో పేరుతో అమ్ముతారు. పేరు పెరిగింది కానీ కర్ర కర్రే.

గల్లాపెట్టె పక్కన గాజుడబ్బా నిండా అల్లిన బ్రేస్‌లెట్లు ఉన్నాయి. రంగురంగుల తాడు, చివర ప్లాస్టిక్ క్లిప్పు. నేను చూస్తున్నానని దుకాణదారు అందుకున్నాడు.

"ఇది పారాచూట్ తాడండీ. చేతికి పెట్టుకుంటే అలంకారం. విప్పితే బారన్నర తాడు, దాని లోపల మళ్ళీ ఏడు సన్నపోగులు. అడవిలో చిక్కుకుపోయారనుకోండి, దీంతో గుడారం కట్టుకోవచ్చు. ఎముక విరిగితే కర్రముక్క పెట్టి కట్టుకోవచ్చు. లోపలి పోగుతో చేపలు కూడా పట్టొచ్చు. ప్రాణం నిలబెట్టే వస్తువు."

"ఎవరైనా విప్పారా మరి?" అని అడిగాను.

"విప్పడం కాదండీ, వాటంతటవే ఊడిపోతున్నాయి. షర్టు గుండీ పెట్టుకుంటుంటే ఊడిందని ఒకరు, బస్సులో కడ్డీ పట్టుకుంటే ఊడిందని ఒకరు. అన్నీ తిరిగొస్తున్నాయి."

ఈ మాటలు జరుగుతుండగానే మా బామ్మర్ది అలా తిరిగొచ్చిన బ్రేస్‌లెట్ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. మధ్యలో రెండు తాళ్ళు నిలువుగా ఉంటాయి. మిగతా తాడు కుడినుంచి ఒకసారి, ఎడమనుంచి ఒకసారి వాటి మీదుగా వచ్చి ముడిపడుతూ పోతుంది. అతను అది ఒకసారి చూసి, "నీళ్ళున్నాయా?" అన్నాడు.

"తాగడానికా?"

"వేళ్ళు తడుపుకోవడానికి."

"నైలాను తాడండీ, తడిపితే బిగుసుకోదు."

"తాడుకు కాదు, నా వేళ్ళకు."

దుకాణదారు గ్లాసుతో నీళ్ళు తెచ్చేలోపు అతను అల్లిక సగం పూర్తి చేశాడు. చివర అలవాటు ప్రకారం కొసను వెనక్కి తిప్పి లోపలికి దూర్చేశాడు. దుకాణదారు దాన్ని పట్టుకుని లాగాడు, మెలిపెట్టాడు, మేకుకు తగిలించి వేలాడబడ్డాడు. మేకు ఊడింది.

మర్నాటినుంచి ఆ దుకాణం మూలలో మా బామ్మర్దికి ఒక కుర్చీ, ఒక చిన్న బల్ల, ఒక నీళ్ళగిన్నె వెలిశాయి. అతను అక్కడ కూర్చున్న తీరు చూడాలి. టేపు మిషను వచ్చినప్పటినుంచి వంగిపోయిన వీపు మళ్ళీ నిటారుగా నిలబడింది. పొద్దున్నే ఇస్త్రీ షర్టు వేసుకుని, "ఆఫీసుకు వెళ్ళొస్తా" అని చెప్పి బయల్దేరేవాడు. మా చెల్లెమ్మ చక్కెర డబ్బా కోసి, కొత్తది కొని, సుఖంగా టీ తాగింది.

బ్రేస్‌లెట్లు బాగా అమ్ముడుపోయాయి. ఏ విపత్తుకైనా సిద్ధమన్న ముఖాలతో జనం వచ్చేవారు. ఒకతను తన ఫోను కవరుకు సరిపోయే రంగు దొరకలేదని మూడుసార్లు తిరిగాడు. ఇంకొకావిడ భూకంపం వస్తే పనికొస్తుందా అని అడిగి, పనికొస్తుందని చెప్పాక, పండక్కి వేసుకునే బట్టల మీదికి నప్పుతుందా అని అడిగింది. వాళ్ళలో ఒక్కరూ దాన్ని విప్పి చూడలేదు. తిరిగి తెచ్చినవాళ్ళూ లేరు. దుకాణదారు మా బామ్మర్దిని మాస్టారూ అని పిలవడం మొదలుపెట్టాడు.

అప్పుడొచ్చాడు భద్రతాధికారి. పెద్ద కంపెనీలో ఉద్యోగం. ఆ కంపెనీలో అందరూ కుర్చీల్లో కూర్చుని చేసే పనే. అక్కడ భద్రత చూడటానికి ఒక అధికారి ఉన్నాడంటే నాకు ఆశ్చర్యమేసింది. అంతకుముందు ఏడాది జరిగిన ఘోరప్రమాదం ఏమిటని అడిగితే, ఆఫీసులో కూర్చునే చక్రాల కుర్చీ ఒకరి బొటనవేలి మీదికి ఎక్కిందని చాలా గంభీరంగా చెప్పాడు. భద్రతాదినం జరుపుతున్నారట. ఆ రోజున కంపెనీ అంతటికీ తలా ఒక బ్రేస్‌లెట్ ఇస్తారట. దుకాణదారు ముఖం వెలిగిపోయింది. నేను ఆ పూట అక్కడే ఉన్నాను. ఇలాంటి సందర్భాల్లో పెద్దవాడు ఒకడుండాలి.

అధికారి ఒక బ్రేస్‌లెట్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "చాలా బావుంది. ఏదీ, ఇప్పుడు విప్పి చూపించండి."

"ఎందుకు?" అన్నాడు మా బామ్మర్ది.

"విప్పితేనే కదా తాడు బయటికొచ్చేది."

"బావుందన్నారు కదా."

అధికారి తనే మొదలుపెట్టాడు. ముందు గోరు, తర్వాత పెన్ను మూత, తర్వాత తాళంచెవి. నా కొత్త చేతికర్ర మొన కూడా అడిగి తీసుకున్నాడు. చివరికి చుట్టూ ఎవరూ చూడట్లేదనుకుని పన్ను కూడా పెట్టాడు. ముఖం ఎర్రబడింది, బ్రేస్‌లెట్ చెక్కుచెదరలేదు.

"ఈలోపల అడవిలో మనిషి చచ్చిపోయి ఉంటాడండీ," అన్నాడు రొప్పుతూ.

"పోయినా ముడి ఊడదు," అన్నాడు మా బామ్మర్ది. ఎగతాళిగా కాదు. ఆ ముడి గురించి ఉన్నమాట చెప్పాడు.

ఒక్క లాగుకు ఊడిపోయే రకం వారంలోగా చూపిస్తేనే ఆర్డరు అని చెప్పి అధికారి వెళ్ళిపోయాడు. దుకాణదారు కాసేపు కౌంటరు తుడిచాడు. తర్వాత చాలా మర్యాదగా, "మాస్టారూ, ఈ ఆర్డరు పోతే ఆ మూలలో స్లీపింగు బ్యాగులు పెడదామనుకుంటున్నాను. ఏమీ అనుకోవద్దు," అన్నాడు. కోప్పడి ఉంటే జవాబు చెప్పేవాళ్ళం. మర్యాదకు జవాబేముంటుంది? మా బామ్మర్ది తన కుర్చీ వైపు ఒకసారి చూసి, తాడుచుట్ట సంచిలో వేసుకుని నా వెంట నడిచాడు. ఆ కుర్చీ పోతే మళ్ళీ సోఫా, మళ్ళీ రిమోటు, మళ్ళీ చక్కెర డబ్బా. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

ఆ వారం అతను మా ఇంట్లోనే అల్లాడు. తన ఇంట్లో అయితే మా చెల్లెమ్మ నవ్వుతుందని. అల్లిక బాగానే సాగేది. చివరికొచ్చేసరికి చెయ్యి తన పని తాను చేసుకుపోయేది. కొస వెనక్కి తిరగడం, లోపలికి దూరడం, ఒక్క లాగు, అంతే. మా ఆవిడ చెక్కస్కేలు పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"ఒరేయ్, మళ్ళీ దూర్చావు."

"లేదక్కా."

"మరి కొసేది?"

అతను నిజాయితీగా వెతికేవాడు. కొస ఉండేది కాదు. మా ఆవిడ వేళ్ళ మీద ఒకటిచ్చేది. ఇంటి నిండా ప్రాణాలు కాపాడలేని బ్రేస్‌లెట్లు పోగుపడ్డాయి.

"నా వల్ల కాదక్కా. ఊడిపోయేలా కట్టమంటే, వంట చేసే మనిషిని ఉప్పు మరిచిపొమ్మన్నట్టుంది."

"నువ్వు కట్టినవి విప్పలేక మీ ఆవిడ ఎన్నాళ్ళు చప్పటి టీ తాగిందో తెలుసా? కాస్త వదలడం నేర్చుకోరా."

"వదిలితే అందులో నా పనేముంది?"

దానికి జవాబుగా మా ఆవిడ చేతిలో స్కేలు ఉంది. దాంతోనే కానిచ్చింది.

నాలుగైదు రోజులకు చెయ్యి లొంగింది. ఒక మధ్యాహ్నం కొసను లోపలికి పోనివ్వకుండా, వదులుగా ఒక మడత పెట్టి బయటికే ఉంచాడు. "లాగండి బావా," అన్నాడు. లాగాను. జర్రుమని అల్లికంతా ఒక్క ఊపులో జారిపోయి నా చేతిలో తాడు మిగిలింది. నేను శభాష్ అన్నాను. అతను మాత్రం కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. ఆ తర్వాత తాడు నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ అల్లాడు. అధికారికి నచ్చింది. ఆర్డరు వచ్చింది. కుర్చీ నిలబడింది. మా బామ్మర్ది కంపెనీకి సరిపడా బ్రేస్‌లెట్లు గడువులోపల అల్లిపెట్టాడు. ఆ వయసులో అలాంటి పని ఇంకొకరు చేశారంటే నేను నమ్మను.

భద్రతాదినానికి మా ఇద్దర్నీ పిలిచారు. పెద్ద హాలు, వరసలుగా అవే ఆఫీసు చక్రాల కుర్చీలు. అందరి చేతులకూ మా బామ్మర్ది బ్రేస్‌లెట్లే. కుటుంబ పెద్దనని నన్ను రెండో వరసలో కూర్చోబెట్టారు. కంపెనీ పెద్ద ఉపన్యాసం అందుకున్నాడు. భద్రత గురించి మొదలుపెట్టి, ఐకమత్యం మీదుగా, తన చిన్నతనంలోకి వెళ్ళిపోయాడు. అక్కడినుంచి తిరిగొచ్చే సూచనలు కనబడలేదు. వినేవాళ్ళకు ఫోన్లు తియ్యడానికి లేదు, నిద్రపోవడానికి లేదు. మిగిలింది వేళ్ళొక్కటే. ఆ వేళ్ళకు అందుబాటులో మణికట్టు దగ్గర వదులుగా ఒక కొస.

మొదట నా ముందు వరసలో ఒకావిడది ఊడింది. ఆమె ఉలిక్కిపడి తాడును ఒళ్ళో దాచుకుంది. తర్వాత ఆమె పక్కతనిది. ఆ తర్వాత హాలంతా జర్రు జర్రుమంటూ చినుకులు పడుతున్న చప్పుడు. తాళ్ళు కిందికి జారాయి, కుర్చీల చక్రాలకు చుట్టుకున్నాయి. 'మనమంతా ఒకే తాడు పోగులం' అని కంపెనీ పెద్ద ముగించగానే అందరూ లేచారు. వాళ్ళతో పాటు కుర్చీలు కూడా ఒకదాన్నొకటి లాక్కుంటూ కదిలాయి. ఒక వరస పక్క వరసను వెంటబెట్టుకుని తలుపు దాకా పోయింది.

"ఏమిటిది? ఎందుకు లాగారు?" అన్నాడు కంపెనీ పెద్ద మైకులోనే.

వెనకనుంచి ఎవరో జవాబిచ్చారు. "ఆపదలో ఉన్నప్పుడు లాగమన్నారు కదండీ."

హాలు గొల్లుమంది. నేను మా బామ్మర్ది వైపు చూశాను. అతను నవ్వట్లేదు. "ఒక్కటీ మొరాయించలేదు బావా," అన్నాడు మెల్లగా. పిల్లలందరూ ఒకేసారి పరీక్ష గట్టెక్కి, ఒకేసారి ఇల్లు విడిచి వెళ్ళిపోతే తండ్రి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది అతని ముఖం.

మర్నాడు అధికారి దుకాణానికి వచ్చాడు. దుకాణదారు అప్పటికే స్లీపింగు బ్యాగులు ఆ మూలకు జరిపి పెట్టుకున్నాడు. మా బామ్మర్ది కుర్చీలోంచి లేవలేదు. లేస్తే కుర్చీ ఉంటుందన్న నమ్మకం లేక కాబోలు.

"కమిటీ కూర్చుంది," అన్నాడు అధికారి. "బ్రేస్‌లెట్లు ఊడకూడదని తీర్మానించాం. మీరు మొదట కట్టిన రకమే కావాలి. ఈసారి అన్ని శాఖలకూ ఇస్తాం."

దుకాణదారు స్లీపింగు బ్యాగులను కాలితో వెనక్కి నెట్టాడు.

"మరి ఆపదొస్తే తాడెలా వస్తుంది?" అని నేను అడిగాను.

"దానికీ ఏర్పాటుందండీ. బ్రేస్‌లెట్‌తో పాటు తలా ఒక కత్తెర ఇస్తున్నాం. కాకపోతే మొనదేలిన వస్తువులు గేటు దాటనివ్వకూడదని మా నిబంధన. అందుకని కత్తెరలన్నీ కాపలాగదిలో ఉంటాయి. ఆపద వచ్చినవాళ్ళు అక్కడికి వెళ్ళి సంతకం పెట్టి తీసుకోవచ్చు."

"సాయంత్రం గది మూసేశాక వస్తే?"

"ఆ వేళకు మా వాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోతారు కదండీ. అది మా పరిధిలోకి రాదు."

నా జీవితంలో ఎన్నో చిరునామాలు రాశాను. ఇంత చక్కగా చుట్టూ తిప్పి మొదటికే తీసుకొచ్చే దారి నాకెప్పుడూ తగల్లేదు.

మా బామ్మర్ది వేళ్ళు తడుపుకున్నాడు. నమూనాకు ఒకటి అల్లడం మొదలుపెట్టాడు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. చివరికొచ్చాక చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళు తనంతట తాను తిరిగిన కొస వేళ్ళ మధ్య అలాగే నిలబడిపోయింది.

"మీ కంపెనీలో దీన్ని విప్పే అవసరం ఒక్కరికైనా ఉందా అండీ?" అని అడిగాడు.

అధికారి దుకాణదారు లోపలికి వెళ్ళేదాకా ఆగాడు. తర్వాత బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"ఎవరితో అనకండి. నాకొక్కటి ఊడే రకం కట్టిపెట్టండి. చిన్నప్పుడొకసారి లిఫ్టులో ఇరుక్కుపోయాను. ఎంతకీ ఎవరూ రాలేదు. అందుకే ఈ ఉద్యోగంలో చేరాను."

"లిఫ్టులో తాడుతో ఏం చేస్తారు?" అన్నాన్నేను.

"ఏమో తెలీదండీ. చేతిలో ఏదైనా ఉంటే బావుండేదని ఆ రోజునుంచీ అనిపిస్తుంది."

మా బామ్మర్ది ఈసారి కొసను లోపలికి పంపలేదు. వదులుగా మడతపెట్టి, అధికారి మణికట్టుకు తనే తొడిగాడు. అధికారి ఆగలేక లాగాడు. జర్రుమని ఊడింది. సిగ్గుపడుతూ తాడు తిరిగిచ్చాడు. మా బామ్మర్ది విసుక్కోకుండా మళ్ళీ అల్లి తొడిగాడు. తలుపు దాకా వెళ్ళిన అధికారి వెనక్కి వచ్చి, ఇంకొక్కసారి చూసుకుంటానన్నాడు. ఊడింది. మళ్ళీ అల్లాడు. మూడోసారి కూడా వేలు కొస మీదికి పోతుంటే మా బామ్మర్ది అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక చాలు బాబూ. లాగితే వస్తుంది. నమ్మండి."